పేరు మందుది, పెట్టెలో చక్కెర పానకం

వాంతులు, విరేచనాలతో వాలిపోయిన బిడ్డకు చక్కెర పానకం తాగించి, అది మందేనని తల్లిని నమ్మించిన వ్యాపారం మన దేశంలో ఏళ్ల తరబడి సాగింది. దొంగచాటుగా కాదు, మందుల షాపు అద్దాల బీరువాలోనే, డాక్టరు చీటీ పక్కనే సాగింది. 2025 అక్టోబరు 14న కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) ఒక ఉత్తర్వు వేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని ఏ పానీయం మీదా 'ఓఆర్ఎస్' అనే మాట వుండకూడదని అందులో ఆదేశించింది. పత్రికలు ఒకటి రెండు రోజులు రాశాయి, తర్వాత మానేశాయి. పల్లెల్లో కూలినాలి చేసుకునే మన వాళ్లలో చాలామందికి ఈ సంగతి ఇప్పటికీ చేరలేదు. అందుకే ఈ వారం ఈ శీర్షికలో గిట్టుబాటు ధర, కూలి రేటు పక్కన పెట్టి దీని గురించి రాస్తున్నాం. నిజానికి ఇది వాటికి దూరపు విషయమేమీ కాదు.

పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి చుట్టూ మందుల షాపులు వరసకట్టి వుంటాయి. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి రోగుల్ని తీసుకొచ్చిన రైతులు, కూలీలు ఆ షాపుల ముందే రాత్రులు గడుపుతారు. అక్కణ్ణుంచి అమీర్‌పేట దాటి బేగంపేట వైపు వస్తే కోచింగు పిల్లల హాస్టళ్లు, భవన నిర్మాణ కూలీల అడ్డాలు, రసూల్‌పుర బస్తీ. ఈ మూడు పేటల్లో బతికే జనంలో సగం మంది నిన్నమొన్నటి పల్లెటూరి వాళ్లే. ఎండలో ఇటుకలు మోసి కళ్లు తిరిగినవాడు, బయటి తిండి పడక కడుపు చెడిన విద్యార్థి, ఆసుపత్రి మెట్ల మీద నీరసించిన ముసలమ్మ మందుల షాపుకి పోయి అడిగే మాట ఒకటే: "ఓఆర్ఎస్ ఇవ్వన్నా." షాపువాడు పొడి పొట్లం ఇవ్వొచ్చు, లేదా రంగురంగుల అట్టపెట్టె, దానికి అంటించిన స్ట్రాతో సహా ఇవ్వొచ్చు. పొట్లం మీద లాభం తక్కువ. పెట్టె మీద ఎక్కువ. ఏది చేతికొస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

అసలు ఓఆర్ఎస్ అనేది ఎవరి సొత్తు? 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన లక్షలాది కాందిశీకులు పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శిబిరాల్లో కలరా వాతబడ్డారు. సెలైన్ సీసాలు అయిపోయాయి. సూది గుచ్చేందుకు చాలినంత మంది నర్సులు లేరు. డాక్టర్ దిలీప్ మహలనబీస్ అనే యువ వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, సోడాలవణం కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి, రోగుల తల్లుల చేత, అన్నల చేత, అక్కల చేత తాగించాడు. నూటికి ముప్పై మంది దాకా చచ్చిపోతున్న చోట ఆ చావులు నూటికి నలుగురి లోపుకి దిగాయి. ఈ శతాబ్దపు వైద్యంలో బహుశా ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి లేదని 1978లో లాన్సెట్ వైద్య పత్రిక రాసింది. మహలనబీస్ 2022 అక్టోబరులో కన్నుమూశారు. మర్నాటి సంవత్సరం, 2023లో, ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆ మందు మీద ఆయన డబ్బు సంపాదించలేదు. అది ఏ కంపెనీ ప్రయోగశాలలోనూ కాదు, బురదలో, టెంట్ల కింద, బీదవాళ్ల చేతుల మీదుగా రుజువైన మందు. జనం ఆ మూడక్షరాలను నమ్మడానికి కారణం అది. వ్యాపారులు అమ్ముకున్నది కూడా సరిగ్గా ఆ నమ్మకాన్నే.

ఇందులో శాస్త్రం పెద్ద చిక్కేమీ కాదు. విరేచనాలతో ఒంట్లో నీరూ ఉప్పూ పోతాయి. ఉత్త నీళ్లు తాగితే పేగు వాటిని సరిగా పట్టుకోదు. ఉప్పుకు తోడుగా కొద్దిపాటి గ్లూకోజు వుంటే, ఆ రెండూ జోడుగా పేగు గోడ దాటి లోపలికి పోతాయి, వాటి వెంట నీరూ పోతుంది. జోడెడ్ల బండి లాంటిది. ఒక ఎద్దు బక్కదై, రెండోది మదించినదైతే బండి బోర్లా పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు. అంతే. చక్కెర ఈ పాళ్లు మించి పెరిగితే అది పేగులోకి నీటిని ఎదురు లాగుతుంది, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. అట్టపెట్టెల్లో అమ్మిన కొన్ని పానీయాల్లో లీటరుకు సుమారు 120 గ్రాముల చక్కెర వున్నట్టు బయటపడింది. ఉప్పు చూస్తే వుండవలసిన దానిలో సగం కూడా లేదు. అంటే ఒక 200 మిల్లీలీటర్ల పెట్టెలో 24 గ్రాముల చక్కెర. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాడు రోజు మొత్తం మీద తినదగిన అదనపు చక్కెర 25 నుంచి 30 గ్రాములు. పెద్దవాడి రోజు కోటా దాదాపుగా పసిబిడ్డకు ఒక్క గుక్కలో! అదీ విరేచనాల రోజున!

దీన్ని ముందుగా పట్టుకున్నది అంత పెద్ద ప్రభుత్వ యంత్రాంగం కాదు. హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్. ఓఆర్ఎస్ ఇస్తున్నామని తల్లిదండ్రులు చెబుతున్నా బిడ్డలకు నయం కావడం లేదేమిటని ఆమె ఆరా తీస్తే ఈ పెట్టెలు బయటపడ్డాయి. ఎనిమిదేళ్ల పాటు ఆమె అధికారులకు లేఖలు రాశారు, ప్రచారం చేశారు, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ ఎనిమిదేళ్లలో సర్కారు నడక చూడండి. 2022 ఏప్రిల్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ పేరు వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. మూడు నెలలు దాటగానే, 2022 జులై 14న, అదే సంస్థ మాట మార్చింది. పేరుకు ముందో వెనకో ఇంకో మాటో అక్షరమో తగిలించి ట్రేడుమార్కుగా వాడుకోవచ్చట. కాకపోతే 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్ఎస్ కాదు' అని పెట్టె మీద రాయాలట. 2024 ఫిబ్రవరిలో ఇంకో వివరణ వచ్చింది, దాని వల్ల కూడా ఈ వెసులుబాటు పోలేదు. ముందువైపు పెద్దక్షరాల్లో అబద్ధం చెప్పు, వెనకవైపు ఇంగ్లీషులో చీమకాళ్లంత అక్షరాల్లో నిజం ఒప్పుకో అన్నట్టు. వేలిముద్ర వేసే తల్లికి ఆ ఇంగ్లీషు వాక్యం ఎవరు చదివి పెట్టాలి? ఆ మూడు నెలల్లో ఎవరు ఎవరి గదికి వెళ్లారో, ఏ మాటలు చెప్పారో ప్రజలకు తెలియజేయవలసిన బాధ్యత ప్రభుత్వానికి వున్నది. ఆ లెక్క ఇంతవరకు ప్రజల ముందుకు రాలేదు.

చివరికి 2025 అక్టోబరు 14న ఆ రెండు మినహాయింపులూ రద్దయ్యాయి. మర్నాడే ఇంకో ఉత్తర్వుతో సంస్థ మరింత గట్టిగా చెప్పింది. పండ్ల రసమైనా, మరే తాగే సరుకైనా పేరులో ఆ మాట వుంటే 2006 చట్టం కింద నేరమేనని. మరి కంపెనీలు తప్పయిందని తల వంచాయా? కోర్టుకు పోయాయి. అమెరికా జాన్సన్ అండ్ జాన్సన్ నుంచి 2023లో విడివడ్డ కెన్‌వ్యూ సంస్థకు చెందిన జేఎన్‌టీఎల్ కంపెనీ 'ఓఆర్ఎస్ఎల్' పేరుతో ఈ వ్యాపారంలో పెద్ద వాటాదారు. అది ఢిల్లీ హైకోర్టుకెళ్లి మూడు రోజుల్లో, అంటే అక్టోబరు 17న, తాత్కాలిక స్టే తెచ్చుకుంది. కూలి డబ్బులు ఎగ్గొట్టిన కాంట్రాక్టరు మీద పిటిషను పెట్టి మన వాళ్లు లేబరు ఆఫీసు చుట్టూ ఎన్ని నెలలు తిరుగుతారో పాఠకులు ఎరుగుదురు!

రెండో కంపెనీ మన డాక్టర్ రెడ్డీస్. ఒకప్పుడు అమీర్‌పేట చిరునామాతోనే లోకానికి తెలిసిన సంస్థ. తాడేపల్లి పసుపు రైతు కొడుకు అంజిరెడ్డి 1984లో పెట్టిన ఆ కంపెనీ చవకగా మందులు చేసి బహుళజాతి మందుల కంపెనీలకు పోటీ ఇచ్చిందని తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకున్నాం. ఆ కంపెనీ కూడా 'రీబాలాంజ్ విటోర్స్' అనే తన పానీయం కోసం అదే ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కింది. ప్రజల ఆరోగ్యం దగ్గర ఇలాంటి వాదన చెల్లదని 2025 అక్టోబరు 31న కోర్టు దాన్ని కొట్టివేసింది. గోడౌన్లలో మిగిలిపోయిన సరుకు సంగతేమిటన్నది కంపెనీల ఏడుపు. తాగిన పిల్లల సంగతి ఆ పిటిషన్లలో వెతికినా కనపడదు. స్వదేశీ పెట్టుబడి, విదేశీ పెట్టుబడి అని మనం వేరుచేసి మాట్లాడుకుంటాం గాని, చక్కెర నీళ్ల దగ్గర రెండింటిదీ ఒకటే రుచి అని తేలిపోయింది.

నవంబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ షాపుల్లోంచి, ఆన్‌లైను అమ్మకాల్లోంచి ఈ సరుకును తీయించాలని రాష్ట్రాలను ఆదేశించింది. కాగితం మీద కథ ఇక్కడికి అయిపోయింది. అయితే పేరులో రెండక్షరాలు మార్చి, అదే రంగు పెట్టె, అదే పండు బొమ్మ, అదే బీరువా అరలో వుంచితే చదువురాని మనిషికి అది పాత సరుకే. ఉత్తర్వు అక్షరాలను పట్టుకుంది. బొమ్మను పట్టుకోలేదు.

ఇక అసలు చర్చకు వద్దాం. ఇలాంటి సంగతి ఎప్పుడు బయటికొచ్చినా పెద్దమనుషులు ఒక మాట అంటారు: "జనానికి నోరు కట్టుకోవడం రాదు. పెట్టె వెనక ఏం రాసుందో చూసుకోవద్దా? పిల్లలకి చిప్సు, నూడుల్సు కొనిపెట్టేది ఎవరు, తల్లిదండ్రులు కాదా?" ఈ వాదన మనలో కొందరు కార్యకర్తల నోట కూడా వినబడుతుంటుంది. అందుకే దీనికి కొంచెం ఓపికగా జవాబు చెప్పాలి.

నాట్ల రోజుల్లో కూలికి పోయే తల్లి దినచర్య తీసుకోండి. తెల్లవారుజామున లేవాలి. ఆటో ఆరింటికే వస్తుంది, ఆలస్యమైతే ముఠాలో ఇంకో మనిషిని ఎక్కించుకుంటారు. సద్ది కట్టుకోవడానికే టైము చాలదు. బడికి పోయే పిల్లవాడి చేతిలో పది రూపాయలు పెట్టి పోతుంది. ఊరి కిరాణా కొట్టులో ఆ పది రూపాయలకు ఏమొస్తుంది? ఒక గుడ్డు, ఒక అరటిపండు వస్తే రావచ్చు. కాని కొట్టు ముందు తోరణాల్లా వేలాడేది ఏమిటి? అయిదు రూపాయల చిప్సు పొట్లం, అయిదు రూపాయల బిస్కట్లు, పది రూపాయల చిన్న సీసా కూల్‌డ్రింకు. ఈ అయిదు, పది అనే లెక్క దేవుడు పెట్టింది కాదు. కూలివాడి జేబులో ఏ నాణెం వుంటుందో లెక్కగట్టి, అందులో పట్టేట్టుగా పొట్లం కొలత తయారుచేసినవాడు కంపెనీ ఆఫీసులో కూర్చున్నాడు. ధర పెంచలేనప్పుడు పొట్లంలో గ్రాములు తగ్గిస్తాడు, గాలి ఎక్కువ కొడతాడు. ఉప్పు, తీపి, నూనె మూడూ ఏ పాళ్లలో కలిస్తే ఇంకొకటి తినాలనిపిస్తుందో తేల్చడానికి జీతాలిచ్చి శాస్త్రవేత్తలను పెట్టుకున్నాడు. క్రికెట్టు ఆటగాణ్ణి, సినిమా హీరోను తెచ్చి టీవీలో నిలబెట్టాడు. ఇంత ఫౌజు ఒకవైపు, ఆరింటి ఆటోకి పరుగెత్తే తల్లి ఒకవైపు. దీన్ని 'అలవాటు' అంటున్నారు!

బేగంపేటలోనే ఇందుకు తగిన ఒక పాత సాక్ష్యం వుంది. అక్కడి ఒక పాత భవనంలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అంతవరకు ఆ జ్వరానికి కారణం చెడుగాలి అనుకునేవారు. మలేరియా అన్న మాటకు అర్థమే అది. బీదల గుడిసెల నుంచి, మురికి నుంచి పుట్టే గాలి అని చెప్పి బీదలనే తప్పుపట్టేవారు. రాస్ వచ్చి జబ్బును మోసుకొచ్చే జీవి ఫలానా అని చూపించాక మాట్లాడే తీరు మారింది, దోమ గుడ్లు పెట్టే నీటిగుంటలు ఎక్కడున్నాయో వెతికారు. ఈనాడు షుగరు, బీపీ, పిల్లల ఊబకాయం గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ ఆ చెడుగాలి కాలానికే పోతున్నాం. జబ్బుల భారంలో 56.4 శాతానికి సరికాని తిండే కారణమని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ఆ తిండిని ఊరూరికీ మోసుకొచ్చేది ఎవరన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి గొంతూ తగ్గిపోతుంది.

దీంట్లో ప్రభుత్వాల పాలు కూడా తక్కువేం లేదు. తెలంగాణ మెట్ట పల్లెల్లో జొన్నరొట్టె, అంబలి, పెసలు, కందులు తిన్న జనం బియ్యానికి మారారు. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పథకం ఆకలిని ఆపింది. దాన్ని మేము తక్కువ చేసి మాట్లాడం, ఆకలితో చావడం కంటే అన్నం తిని బతకడం వెయ్యి రెట్లు మేలు. 2025 ఉగాది నుంచి తెలంగాణలో సన్నబియ్యం ఇస్తున్నారు, అదీ మంచిదే. కాని కంచంలో అన్నం పక్కన ఏం వుండాలి? 2013లో ఉమ్మడి రాష్ట్రంలో 'అమ్మహస్తం' పేరుతో 185 రూపాయలకు కందిపప్పు, పామాయిలు, గోధుమపిండి, చింతపండు, కారం, పసుపు సహా తొమ్మిది సరుకులు ఇచ్చారు. నాసిరకమని, తూకం తక్కువని గొడవలు జరిగిన మాట నిజమే, ఆ గొడవల్లో మన సంఘాలూ వున్నాయి. సరుకు బాగు చేయమని అడిగితే ఆ పథకమే లేకుండా పోయింది. పప్పు కిలో కొనాలంటే కూలివాడు గింజలు లెక్కపెట్టుకోవలసిన పరిస్థితిలో వున్నాడు, మసాలా పొట్లం కలిపిన నూడుల్సు మాత్రం పది రూపాయలకు దొరుకుతున్నాయి. ఈ తేడా కంపెనీలకు తెలుసు. ప్రభుత్వానికీ తెలుసు.

రైతు వైపు నుంచి చూస్తే ఇంకో వింత కనపడుతుంది. 2025 జూన్, జులై నెలల్లో చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి రైతులు ట్రాక్టర్లతో గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి బారులు తీరారు. కాయ కుళ్లిపోతుంటే కడుపు మండి రోడ్ల మీద పారబోశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అంది: ఫ్యాక్టరీ 8 రూపాయలు, సర్కారు సాయం 4 రూపాయలు. ఆ ఎనిమిది కూడా ఫ్యాక్టరీలు సరిగా ఇవ్వలేదని రైతులు మొత్తుకున్నారు. ఆ తోతాపురి గుజ్జు ఎక్కడికి పోతుంది? మామిడి పానీయాల సీసాల్లోకే ఎక్కువగా పోతుంది. పండ్ల పానీయం అని పేరు పెట్టుకోవడానికి మన నిబంధనల ప్రకారం నూటికి పది పాళ్లు పండురసం వుంటే చాలు. మిగతాది నీళ్లు, చక్కెర, వాసన, రంగు. అంటే పండించిన రైతు దగ్గర కాయ కొనడానికి గతిలేదంటారు, అదే కాయ బొమ్మను సీసా మీద వేసి నీళ్లు అమ్ముతారు. పండులో సగం సీసాలోకి వచ్చినా రైతు కాయ రోడ్డు పాలయ్యేది కాదేమో! 2019లో గుజరాత్‌లో పెప్సీ కంపెనీ చిప్సు రకం బంగాళదుంప వేశారని చిన్న రైతుల మీద కోటి రూపాయలకు పైగా నష్టపరిహారం కోరుతూ దావాలు వేసి, దేశమంతా గోల పెట్టాక వెనక్కి తీసుకున్న సంగతి కూడా ఇక్కడే గుర్తుచేసుకోవాలి. పొలంలో రైతును, కొట్టు దగ్గర కూలి బిడ్డను పిండేది వేరువేరు చేతులు కావు.

పన్నుల సంగతి ఇంకా విడ్డూరం. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటు ముందు పెట్టిన ఆర్థిక సర్వేలో ఇలాంటి ఫ్యాక్టరీ తిండి అమ్మకాలు మన దేశంలో 2006లో 90 కోట్ల డాలర్లుంటే 2019 నాటికి సుమారు 3,800 కోట్ల డాలర్లకు పెరిగాయని రాశారు. ప్రకటనలు గుప్పించి అమ్మే సరుకు మీద ఆరోగ్య పన్ను ఎక్కువ వేయడం ఆలోచించాలని కూడా రాశారు. ఎనిమిది నెలలు గడిచాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మార్చారు. బిస్కట్లు, చాక్లెట్లు, నూడుల్సు, మిక్చరు పొట్లాలు, పండ్ల పానీయాలు అన్నీ 12, 18 శాతాల నుంచి 5 శాతానికి దిగాయి. గ్యాసు కూల్‌డ్రింకుల మీద మాత్రం 40 శాతం అన్నారు, సెస్సుతో కలిపితే అంతకుముందూ అంతే వుంది. పేదవాడి బిస్కట్టు మీద పన్ను తగ్గిస్తే మీకేం బాధ అని ఎవరైనా అడగొచ్చు. టీలో ముంచుకుని బిస్కట్టుతో పూట గడిపే కూలిమనిషిని మేము ఎరగనివాళ్లం కాము. ఆ మనిషికి పప్పు, గుడ్డు, పాలు, నూనె చవకగా ఇప్పించి ఆ తర్వాత బిస్కట్టు సంగతి మాట్లాడండి అంటున్నాం. ఆర్థిక శాఖ పుస్తకంలో ఒకటి రాసి, పన్నుల కౌన్సిల్లో దానికి విరుద్ధంగా చేసిన పెద్దలు ఆ పుస్తకాన్ని అసలు ఎవరి కోసం అచ్చు వేయించారో చెప్పాలి.

పొట్లం ముందువైపు హెచ్చరిక గుర్తు వేయించాలన్న డిమాండు చాలా ఏళ్ల నుంచి నలుగుతోంది. చిలీ దేశం 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న సరుకుల మీద నల్లటి అష్టభుజి గుర్తు తప్పనిసరి చేసింది, ఆ సరుకును బడుల్లో అమ్మకుండా, పిల్లల టీవీ కార్యక్రమాల్లో ప్రకటన వేయకుండా కట్టడి చేసింది. తర్వాత గుర్తున్న తీపి పానీయాల కొనుగోళ్లు దాదాపు నాలుగోవంతు తగ్గాయి. చదువు రాకపోయినా నల్లగుర్తు అందరికీ అర్థమవుతుంది. మన ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022 సెప్టెంబరులో ఏం ప్రతిపాదించింది? నల్ల గుర్తు కాదు, నక్షత్రాలు! హోటళ్లకు ఇచ్చినట్టు పొట్లానికి అర నక్షత్రం నుంచి అయిదు నక్షత్రాల దాకా. చక్కెర వున్నా కొంచెం పప్పుగింజలో, పీచుపదార్థమో కలిపితే మార్కులు కలుస్తాయి. విషానికి కూడా ఒక నక్షత్రం దొరికే పద్ధతి. ఈ లేబుళ్ల మీద నిపుణుల కమిటీ మూడు నెలల్లో సిఫారసులు ఇవ్వాలని 2025 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు చెప్పింది. మూడు నెలలయ్యాక ప్రభుత్వం మరికొంత గడువు అడిగి తెచ్చుకుంది. నెస్లే కంపెనీ మన దేశంలో అమ్మే పసిపిల్లల సెరెలాక్‌లో చక్కెర కలుపుతూ, జర్మనీ, బ్రిటన్‌లలో అదే సరుకులో కలపడం లేదని స్విట్జర్లాండుకు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ 2024 ఏప్రిల్‌లో బయటపెట్టింది. తెల్లవాళ్ల బిడ్డకో కొలత, మన బిడ్డకో కొలత.

ఇక్కడ సర్కారుకు చేతకాదని కాదు. చేయాలనుకుంటే ఎంత చురుగ్గా చేస్తుందో హైదరాబాదు చూసింది. 2024 అక్టోబరులో నగరంలో మోమోలు తిని ఒక మహిళ చనిపోయారు, మరికొందరు జబ్బుపడ్డారు. అదే నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయొనీజును ఏడాది పాటు నిషేధించింది. అందులో తప్పేమీ లేదు, అలాంటి సరుకు ప్రమాదకరమే. కాని బండి మీద అమ్మేవాడి విషయంలో కొద్ది రోజుల్లో కదిలిన చట్టం, మూడక్షరాల అబద్ధం మీద కదలడానికి కొన్నేళ్లు పట్టింది. బండివాడికి ఢిల్లీలో వకీలు లేడు.

ఫ్యాక్టరీలు మూతపడితే అందులో పనిచేసే కార్మికుల గతేమిటని కంపెనీలు రేపు తప్పక అడుగుతాయి. ఇది వినదగిన ప్రశ్నే. ఫ్యాక్టరీ వద్దని మేము అనడం లేదు. పండు, పప్పు, పాలు పాడవకుండా నిలవచేసే ఫ్యాక్టరీలు మన రైతుకు కావాలి, చిత్తూరు రైతు అడిగేదీ అదే. పెట్టెలో ఏముందో ముందువైపు తెలుగులో రాయమనడం వల్ల ఒక్క కార్మికుడి ఉద్యోగమూ పోదు. పోతే లాభంలో కొంత పోతుంది.

మన సంఘాల ముందు ఇప్పుడు కొన్ని పనులున్నాయి. ఎండాకాలం మనకు సెలవుల కాలం కాదు. వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి చనిపోయిన వారి కుటుంబానికి నాలుగు లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. చచ్చాక ఇచ్చే నాలుగు లక్షల కంటే ముందు ఇచ్చే పొట్లం చవక. పని జరిగే ప్రతి చోటా నీడ, మంచినీళ్లు, అసలైన ఓఆర్ఎస్ పొట్లాలు వుంచాలని పంచాయతీని, మేస్త్రీని, కాంట్రాక్టరును ఇప్పటి నుంచే అడగాలి. ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ పొట్లాలు ఉచితం. లేవంటే స్టాకు రిజిస్టరు చూపించమనండి. మందుల షాపుల్లో, కిరాణా కొట్లలో పాత పేరుతో పెట్టెలు ఇంకా కనపడితే బిల్లు తీసుకుని, పెట్టెతో సహా జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. షాపువాడితో కొట్లాటకు దిగొద్దు, చాలాచోట్ల అతనూ మోసపోయినవాడే. బడి గేటు దగ్గర ఏం అమ్ముతున్నారో తల్లిదండ్రుల కమిటీల్లో మాట్లాడండి.

పొట్లం కొనేటప్పుడు 'డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా' అని, మందుగా లైసెన్సు నంబరు వున్నదీ లేనిదీ చదువుకున్నవాళ్ల చేత చూపించుకోండి. పొట్లం మీద రాసిన కొలతంత నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి. చిటికెడు చిటికెడు కలిపితే పాళ్లు చెడతాయి. ఒకరోజు దాటితే పారబోసి కొత్తది కలపాలి. పొట్లం దొరకని రాత్రి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేసి కరిగించి, చంటివాడికి చెంచాతో కొంచెం కొంచెం తాగిస్తూ వుండాలి. ఉప్పు అంతకు మించకూడదు, కన్నీళ్లకంటే ఉప్పగా వుంటే పనికిరాదు. తల్లిపాలు ఆపొద్దు, గంజి, మజ్జిగ ఆపొద్దు. ఆరోగ్య కేంద్రంలో జింకు బిళ్లలు అడిగి 14 రోజులు వేయండి. బిడ్డ కళ్లు లోతుకుపోయినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో నెత్తురు పడినా, తాగింది నిలవకపోయినా తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.